ఐఫోన్ 13 నుంచి మారితే కెమెరాలో తేడా తెలుస్తుందా?

ఎంవీపీ కుర్రాడు: నాది ఐఫోన్ 13. పగలు ఓకే గానీ, చీకటి పడ్డాక వైజాగ్ ఆర్‌కే బీచ్‌లో మావాడు అలల దగ్గర పరిగెడుతుంటే మొహం మసకగా వస్తోంది. 14 తీసుకోనా, 15కి వెళ్లనా?

గాజువాక గురువు: 14 వద్దు బ్రో. అదీ 12 మెగాపిక్సెలే. సెన్సర్ (వెలుతురును ఫొటోగా మార్చే చిప్) కాస్త పెద్దది, అపర్చర్, అంటే వెలుతురు లోపలికొచ్చే రంధ్రం, ఎఫ్/1.6 నుంచి ఎఫ్/1.5 అయింది (అంకె తగ్గితే వెలుతురు ఎక్కువ), సెల్ఫీకి ఆటోఫోకస్ వచ్చింది, అంతే.

లెన్స్ పిచ్చోడు: అసలు మార్పు 2023లో వచ్చిన 15లోనే. మెయిన్ కెమెరా 48 మెగాపిక్సెల్, మామూలుగా 24లో సేవ్ అవుతుంది, జూమ్ 2ఎక్స్ పెడితే సెన్సర్ మధ్య భాగాన్ని మాత్రమే వాడుకుంటుంది కాబట్టి బీచ్ నుంచి డాల్ఫిన్స్ నోస్ కొండ తీసినా 13లోలా అలికేసినట్టు ఉండదు.

సీతమ్మధార: అన్నీ సరే గానీ, పరిగెత్తే పిల్లాడు మసకబారేది షటర్ స్పీడ్ వల్లండీ, మెగాపిక్సెల్స్ వల్ల కాదు. వెలుతురు తగ్గితే ఫోన్ ఒక్కో ఫొటోకి ఎక్కువసేపు వెలుతురు పోగుచేస్తుంది, ఆలోపు పిల్లాడు కదిలిపోతాడు. నైట్ మోడ్ ఆపేసి, వీధి దీపం కింద బరస్ట్‌లో (వరసగా గబగబా చాలా ఫొటోలు) తీయండి. ముందు లెన్స్ తుడవండి, మన బీచ్ గాలికి ఉప్పు పొర కట్టేసి లైట్లన్నీ చెదిరిపోతాయి (ఏ మోడల్ కొన్నా ఈ బాధ తప్పదు).

ఎంవీపీ కుర్రాడు: థ్యాంక్స్ అండీ. ఈ ఆదివారం బరస్ట్ పెట్టి చూస్తా, కుదరకపోతే 15కే. పాతది ఎక్స్ఛేంజ్‌కి ఎక్కడ మంచి రేటు ఇస్తున్నారు?