కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ బిగిస్తే ఇంజిన్ శక్తి నిజంగా పెరుగుతుందా?

పిస్టన్‌ప్రియుడు:
నా కారులో ఉన్నది టర్బో (గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి నెట్టే పరికరం) లేని రెండు లీటర్ల పెట్రోల్ ఇంజిన్. కంపెనీ ఇచ్చిన ఎయిర్‌బాక్స్ (గాలి ఫిల్టరు ఉండే పెట్టె) తీసివేసి, కోన్ ఆకారపు ఫిల్టరు, నున్నటి అల్యూమినియం గొట్టం ఉన్న కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ బిగిస్తే పది పదిహేను హార్స్‌పవర్ పెరుగుతుందని అమ్మేవారు అంటున్నారు. చప్పుడు తప్ప మరేమీ పెరగదని ఇంకొందరు కొట్టిపారేస్తున్నారు. ఎవరి మాట ఎంతవరకు నిజమో కారణాలతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

చల్లగాలి:
చల్లని గాలి చిక్కగా ఉంటుందన్న విషయంలో వాదనకు తావు లేదు. ఒకే పీడనం వద్ద గాలి సాంద్రత దాని పరమ ఉష్ణోగ్రతకు విలోమానుపాతంలో ఉంటుంది కనుక, 57 డిగ్రీల సెల్సియస్ గాలికి బదులు 27 డిగ్రీల గాలిని అందిస్తే అంతే ఘనపరిమాణంలో పది శాతం ఎక్కువ గాలి సిలిండర్లలోకి చేరుతుంది. ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరు) దానికి తగినంత పెట్రోలు కలుపుతుంది. పైగా లోపలికి వచ్చే గాలి వేడిగా లేకపోతే నాకింగ్ (ఇంధనం తనంతట తానే పేలినట్లు మండటం) భయం తగ్గుతుంది కనుక ఇగ్నిషన్ టైమింగును (నిప్పురవ్వ పుట్టే వేళను) వెనక్కి లాగవలసిన పనీ ఉండదు. నేను బిగించుకున్న తరువాత 5000 ఆర్‌పీఎం దాటాక బండి లాగుడులో తేడా స్పష్టంగా తెలుస్తున్నది.

నీటిమట్టం:
చల్లగాలి గారూ, సూత్రంతో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ 57 డిగ్రీల దగ్గరే. కార్బురేటర్ల కాలంలో ఎయిర్ క్లీనర్ ఇంజిన్ నెత్తిమీద కూర్చుని, బానెట్ కింద కాగిన గాలినే పీల్చుకునేది కాబట్టి అప్పట్లో బయటి గాలిని లోపలికి తెచ్చే ఏర్పాటుకు నిజమైన ప్రయోజనం ఉండేది. ఇప్పటి కార్లలో అత్యధిక భాగం కంపెనీ నుంచి వచ్చేటప్పుడే గ్రిల్ వెనక నుంచో, ఫెండర్ లోపలి నుంచో బయటి గాలిని తీసుకుంటున్నాయి. అంటే మనం కొనుక్కోబోయే కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ చాలామందికి కారుతోపాటే వచ్చింది. దాన్ని ఊడదీసి, ఆచ్ఛాదన లేని ఫిల్టరును ఇంజిన్ పక్కన నిలబెడితే, సిగ్నల్ దగ్గర ఆగిన కాసేపటికే అది పీల్చేది వేడి గాలి.

ఇంకొక సంగతి ఉంది. గాలి పది శాతం చిక్కబడితే శక్తి కూడా పది శాతం పెరుగుతుందని అనుకోకూడదు. చల్లగా వచ్చిన గాలి వాల్వుల దగ్గరా సిలిండరు గోడల దగ్గరా మరింత వేడిని పుచ్చుకుంటుంది. అందుకే డైనో (ఇంజిన్ శక్తిని కొలిచే యంత్రం) ఫలితాలను సరిదిద్దడానికి వాడే, ఎస్‌ఏఈ అనే వాహన ఇంజినీర్ల సంఘం వారి జే1349 ప్రమాణం, టర్బో లేని పెట్రోల్ ఇంజిన్లకు, పరమ ఉష్ణోగ్రతను నేరుగా కాక దాని వర్గమూలాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. ఆ లెక్కన 30 డిగ్రీలు తగ్గితే వచ్చేది ఐదు శాతమే. పది డిగ్రీలు తగ్గితే రెండు శాతం కూడా రాదు.

కాబట్టి పిస్టన్‌ప్రియుడు గారు ముందుగా తమ కారు ఇప్పుడు ఎంత నష్టపోతున్నదో కొలుచుకోవాలి, ఎందుకంటే లేని నష్టాన్ని ఏ పరికరమూ పూడ్చలేదు. ఓబీడీ రీడరు (కారు కంప్యూటరులోని కొలతలను చూపే పరికరం) పెట్టి, బండి సాఫీగా పరుగెత్తుతున్నప్పుడు ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రతను బయటి ఉష్ణోగ్రతతో పోల్చి చూడండి. తరువాత పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టాన్ని, ఒక్కొక్క వైపు ఒక మీటరు ఎత్తు ఉండేలా యు ఆకారంలో ఒక చెక్కకు కట్టి, సగం వరకు రంగునీళ్లు పోసి, ఒక కొసను ఫిల్టరుకూ థ్రాటిల్‌కూ (ఇంజిన్‌లోకి పోయే గాలిని అదుపు చేసే పలకకూ) మధ్య ఉన్న గొట్టానికి తగిలించండి. పూర్తి థ్రాటిల్‌తో రెడ్‌లైన్ (ఇంజిన్ తిరగదగిన గరిష్ఠ వేగం) దాకా వెళ్లేటప్పుడు పక్కన కూర్చున్నవారు రెండు మట్టాల మధ్య తేడా చూడాలి (నడిపేవారు చూడకూడదని వేరే చెప్పనక్కరలేదు). పది సెంటీమీటర్ల తేడా అంటే సుమారు ఒక కిలోపాస్కల్, అంటే వాతావరణ పీడనంలో ఒక శాతం. రెండు లీటర్ల ఇంజిన్ 6000 ఆర్‌పీఎం వద్ద సెకనుకు దాదాపు వంద లీటర్ల గాలిని లాగుతుంది. అంత ప్రవాహంలోనూ తేడా ఇరవై సెంటీమీటర్లే ఉంటే, అడ్డంకి మొత్తం మాయమైనా మీకు దక్కేది రెండు శాతం పైచిలుకు. ఇంజిన్ 150 హార్స్‌పవర్‌దైతే అది మూడు హార్స్‌పవర్.

చల్లగాలి:
మీరు నిలిచి ఉన్న గాలినే లెక్కిస్తున్నారు. బండి వేగంగా వెళ్లేటప్పుడు ముందు నుంచి గాలి తోసుకుని రాదా? అదీకాక, డైనో మీద పది హార్స్‌పవర్ పెరిగినట్లు చూపే కాగితాలు అన్నీ అబద్ధమేనంటారా?

నీటిమట్టం:
గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి కలిగించే పీడనం అర కిలోపాస్కల్ కూడా కాదు. 200 దగ్గర రెండు కిలోపాస్కల్‌లకు కాస్త తక్కువ. రేసు ట్రాక్ మీద దానికి విలువ ఉంటుంది, రోజువారీ ప్రయాణంలో ఉండదు.

డైనో కాగితాలు అబద్ధమని అనను; అవి దేన్ని కొలిచాయన్నదే ప్రశ్న. బానెట్ తెరిచి, ఎదురుగా పెద్ద ఫ్యాను పెట్టి కొలిస్తే, ఆచ్ఛాదన లేని ఫిల్టరుకు రోడ్డు మీద ఎన్నడూ దొరకని చల్లదనం అక్కడ దొరుకుతుంది. అంతకంటె ముఖ్యమైనది మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్, అంటే ఇంజిన్‌లోకి పోయే గాలిని వేడి తీగతో కొలిచే పరికరం. ఆ వేడి తీగ తన గుండా పోయిన గాలిని చూసి మొత్తం గాలిని అంచనా కడుతుంది, ఆ అంచనా కంపెనీ గొట్టం వ్యాసానికి సరిపోయేలా కట్టినది. కొత్త గొట్టం కాస్త లావుగా ఉంటే సెన్సర్ గాలిని తక్కువగా చూపిస్తుంది, ఈసీయూ పెట్రోలు తగ్గిస్తుంది. చాలా కంపెనీలు పూర్తి థ్రాటిల్‌లో మిశ్రమాన్ని అవసరం కంటె చిక్కగా (పెట్రోలు పాలు ఎక్కువగా) ఉంచుతాయి కనుక, అది పలచబడగానే డైనో మీద కొన్ని హార్స్‌పవర్ కనబడతాయి. ఆ పెరుగుదల నిజమే, కాని అది చల్లని గాలి ఇచ్చినది కాదు; ఇంజిన్ భద్రత కోసం ఉంచిన పెట్రోలును కోసి తెచ్చినది.

పాతపానా:
నేను బండ్లు విప్పే పనిలో ఉన్నవాణ్ణి. ఎయిర్‌బాక్స్ మార్చిన బండి వస్తే ముందుగా ఫిల్టరు తరువాతి గొట్టం విప్పి లోపల వేలితో తుడుస్తాను. వేలికి సన్నని ధూళి అంటితే, అదే ధూళి పిస్టన్ రింగులను అరగదీస్తున్నదని అర్థం. నూనె పట్టించే గుడ్డ ఫిల్టర్లకు నూనె ఎక్కువైతే అది సెన్సర్ తీగకూ అంటుకుంటుంది. ఫిల్టరును బంపర్ వెనక కిందికి దింపే కిట్లయితే మరీ ప్రమాదం: వాననీటిలో అది మునిగితే ఇంజిన్ నీళ్లు తాగుతుంది, నీళ్లు నొక్కితే కుంచించుకుపోవు, కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి.

బూస్ట్‌బాబు:
టర్బో ఇంజిన్ల సంగతి వేరు. టర్బోలో గాలిని ఒత్తే కంప్రెసర్ ముందు పీడనం తగ్గితే అదే బూస్టు (అది కలిపే అదనపు పీడనం) కోసం అది ఇంకా గట్టిగా తిరిగి గాలిని ఇంకా వేడెక్కిస్తుంది, కాబట్టి బూస్టు పెంచి ట్యూన్ చేసిన ఇంజిన్లలో విశాలమైన ఇన్‌టేక్‌కు పని ఉంది. కంపెనీ ట్యూన్‌లో మాత్రం ఈసీయూ బూస్టును ఒక లక్ష్యానికి కట్టేస్తుంది, సిలిండర్లకు చేరే ఉష్ణోగ్రతను ఎక్కువగా ఇంటర్‌కూలరే (ఒత్తిన గాలిని చల్లార్చే రేడియేటరే) తేలుస్తుంది.

పిస్టన్‌ప్రియుడు:
అందరికీ ధన్యవాదాలు. శక్తి సరే, మైలేజీ అయినా పెరుగుతుందా?

నీటిమట్టం:
పెరగదు. మామూలు వేగంలో థ్రాటిల్ పలక తానే గాలిని బిగబట్టి ఉంటుంది. కుళాయి సగం కట్టేసి, వెనక పైపు లావు చేస్తే ధార పెరగదు కదా. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో ప్రకటించిన పరీక్షల్లో, ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లకు మూసుకుపోయిన ఫిల్టరు ఉన్నా మైలేజీ చెప్పుకోదగినంతగా తగ్గలేదు. పూర్తి థ్రాటిల్‌లో వేగం పుంజుకోవడం మాత్రం మందగించింది.

యు గొట్టం కట్టినప్పుడు మరొక పని కూడా చేయండి. ఫిల్టరు తరువాత ఒకసారి, ఫిల్టరుకు ముందు ఎయిర్‌బాక్స్ లోపల ఒకసారి మట్టం చూడండి. తేడా ఎక్కువగా ఫిల్టరు దగ్గరే కనబడితే కొత్త కాగితపు ఫిల్టరు చాలు. ముందున్న గొట్టం దగ్గరే ఉంటే ఆ ఒక్క ముక్కను మార్చి, సెన్సర్ ఉన్న గొట్టాన్ని ముట్టుకోకుండా వదిలేయవచ్చు.