1961 నాటి ఆ ఫజ్ సౌండ్ (గిటార్ గరగర శబ్దం) ఇంట్లో ఎలా రాబట్టాలి?

అమెరికన్ గాయకుడు మార్టీ రాబిన్స్ పాట 'డోంట్ వర్రీ'లో గిటారిస్టు గ్రేడీ మార్టిన్ వాయించిన ఆరు తీగల బేస్ సోలో ఉంది కదండీ, నాష్‌విల్ స్టూడియోలో మిక్సర్ ఛానల్ పాడై గరగరమన్నది, నాకు అచ్చం ఆ శబ్దమే కావాలి. రెండు వారాలుగా కుస్తీ పడుతున్నాను. బారిటోన్ గిటార్‌ని (మామూలు దానికన్నా కింది స్వరాలు పలికే గిటార్) నేరుగా ఆడియో ఇంటర్‌ఫేస్‌కి (గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) కలిపి గెయిన్ పూర్తిగా పెంచితే చెవులు చిల్లులు పడే చప్పుడే వచ్చింది. జర్మేనియం ట్రాన్సిస్టర్లున్న 9 వోల్టుల ఫజ్ పెడల్ పెట్టి, గిటార్ వాల్యూమ్ 6, టోన్ 2 దగ్గర ఉంచితే చాలా దగ్గరికొచ్చింది, చాలా సంతోషమేసింది కూడా, కానీ నోట్ నాలుగైదు సెకన్లు సాగుతూనే ఉంటోంది, పాటలో వినిపించినట్టు బుర్రుమని చటుక్కున తెగడం లేదు. ఆ సౌండ్ కోసమే 1962లో వచ్చిన మేస్ట్రో ఫజ్‌టోన్ పెడల్ 3 వోల్టులతోనే నడిచేది. నోట్ అలా తెగాలంటే నా పెడల్‌కి వోల్టేజీ తగ్గించాలా, ట్రాన్సిస్టర్ బయాస్ (దానికి ముందుగా ఇచ్చి ఉంచే స్థిర వోల్టేజీ) మార్చాలా?