నాన్నగారి నేవీ జ్ఞాపకాలు రాసిపెట్టాలి: మనుషులు, షిప్పులు, సంవత్సరాలు తప్పిపోకుండా ఎలా?

సాగరఘోష (ప్రశ్న)

మా నాన్నగారికి ఎనభై మూడేళ్ళు. 1962లో సెయిలర్‌గా చేరి, ఇంజిన్ రూమ్ బ్రాంచిలో పెట్టీ ఆఫీసర్ (సెయిలర్లలో ఒక ర్యాంకు) దాకా వెళ్ళి 1977లో రిటైరయ్యారు. కదిపితే చాలు, తోటివాళ్ళ గురించి, ఆఫీసర్ల గురించి గంటల తరబడి చెబుతారు. అవన్నీ రాసిపెట్టాలి. చిక్కులు ఏమిటంటే, ఒకే సంగతికి ఒక్కోరోజు ఒక్కో సంవత్సరం చెబుతారు. పేర్లు సగమే వస్తాయి: "మన రావు", "ఆ సర్దార్జీ", "కేరళ కుర్రాడు". వెనక ఏమీ రాయని గ్రూపు ఫొటోలు పదకొండు ఉన్నాయి. మా తాతగారి అన్నగారు 1944 నుంచి 46 వరకు రాయల్ ఇండియన్ నేవీలో చేశారట, ఒక్క కాగితం లేదు. ట్రైనింగులో పక్క మంచం స్నేహితుడు 1971 యుద్ధంలో మునిగిన ఖుక్రీ షిప్పుతో పాటు పోయాడంటారు, పూర్తి పేరు తెలీదు. ఎక్కడ మొదలుపెట్టాలి? నేవీని అడిగితే ఏమిస్తారు, ఏమివ్వరు?

మెస్‌డెక్

"ఏ సంవత్సరం?" అని మొదలుపెట్టకండి. నేవీలో చేసినవాళ్ళకు కాలం షిప్పుల లెక్కన గుర్తుంటుంది, క్యాలెండరు లెక్కన కాదు. ముందు పోస్టింగులు వరసగా చెప్పించండి: ఏ షిప్పు నుంచి ఏ షిప్పుకు, మధ్యలో ఏ బేసు, ఏ కోర్సు. ఒక్కో పోస్టింగుకు నోటుబుక్కులో రెండు పేజీలు వదలండి. తేదీల గడి ఖాళీగా ఉన్నా ఫరవాలేదు, తర్వాత కాగితాల్లోంచి నింపవచ్చు.

ప్రతి షిప్పుకూ అడగాల్సినవి: ఏ మెస్సులో (సెయిలర్లు తిని, పడుకునే చోటు) ఉన్నారు, డ్యూటీ బాయిలర్ రూములోనా ఇంజిన్ రూములోనా, ఏ వాచ్ (డ్యూటీ వంతు), ఎవరి దగ్గర చార్జి తీసుకున్నారు, వెళ్ళేటప్పుడు ఎవరికి అప్పజెప్పారు. ఈ చివరి రెండూ ముఖ్యం. "మీ స్నేహితులెవరు?" అంటే రెండు పేర్లు వస్తాయి. "ఆ బాయిలర్ మీకు అప్పజెప్పిందెవరు?" అంటే మనిషి, ఊరు, నడక, మాటతీరుతో సహా వస్తాడు.

ఇంకో పద్ధతి. పెద్ద తెల్ల కాగితం ఇచ్చి మెస్సు బొమ్మ గీయమనండి. నిచ్చెన ఎక్కడ, లాకర్లు ఎటు, బల్ల ఎక్కడ, బంకులు ఎన్ని అంతస్తులు. గీత వంకర పోయినా దిద్దకండి. నిచ్చెన దగ్గర నుంచి ఒక్కో బంకు మీద వేలు పెట్టి "ఇక్కడెవరు?" అని అడుగుతూ పోండి. నోటితో రాని పేరు చోటు చూస్తే వస్తుంది. ఖాళీ మిగిలిన బంకులో ప్రశ్నార్థకం పెట్టి వదిలేయండి. మూడు రోజుల తర్వాత అదే కాగితం మళ్ళీ ముందు పెట్టండి.

సంవత్సరాలు తేల్చడానికి అందరికీ తెలిసిన ఘటనలను కొయ్యలుగా పాతుకోండి. 1961 డిసెంబరులో గోవా విముక్తి అప్పుడు క్రూయిజర్లనే పెద్ద యుద్ధనౌకల్లో ఢిల్లీ డయ్యూ దగ్గర, మైసూర్ అంజదీవ్ దీవి దగ్గర ఉన్నాయి. 1965 యుద్ధం నాటికి విమానవాహక నౌక విక్రాంత్ బొంబాయిలో రిఫిట్‌లో (పెద్ద మరమ్మతులో) ఉంది, సముద్రం మీద లేదు. 1971 డిసెంబరులో అదే విక్రాంత్ తూర్పున ఉంది, 4వ తేదీన దాని విమానాలు కాక్స్ బజార్ మీద దాడి చేశాయి. "యుద్ధంలో విక్రాంత్ మీద సెయిలింగ్ వెళ్ళాం" అన్నారంటే అది 65 అయ్యే వీలు లేదు, 71 అన్నమాట. ఆ పూట ఆయన్ని సరిదిద్దకండి. చెప్పింది చెప్పినట్టు రాసి, పక్క మార్జిన్‌లో మీ లెక్క వేరే సిరాతో రాయండి. మాటమాటకూ సరిదిద్దితే పెద్దవాళ్ళు చెప్పడం మానేస్తారు.

రికార్డింగు ఒక్కసారికి నలభై నిమిషాలు మించనివ్వకండి. ఫోను గట్టి బల్ల మీద పెడితే ప్రతి తట్టూ దడదడమని వినిపిస్తుంది, కింద మడత పెట్టిన తువ్వాలు వేయండి. ఫ్యాను ఆపలేకపోతే ఫోను ఆయనకు జానెడు దూరంలో ఉంచండి. మొదటి వాక్యం మీది కావాలి: తేదీ, ఎవరు చెబుతున్నారు, ఏ షిప్పు గురించి. ఫైలు పేరులోనూ అవే పెట్టి, ఆ రాత్రే రెండోచోట కాపీ చేయండి.

పాత_ఆల్బం

ఫొటోల సంగతి నేను చెబుతాను.

అంటుకుపోయిన ఆల్బం పేజీ నుంచి ఫొటో పీకకండి, పైపొర ఊడొస్తుంది. పేజీతో సహా స్కాన్ చేయండి. చిన్న ఫొటోలకు 600 డీపీఐ, ముందూ వెనకా రెండు వైపులా. ఫొటో వెనక బాల్‌పెన్నుతో రాస్తే గీత ముందువైపు ఉబ్బుతుంది. మెత్తటి పెన్సిల్‌తో, అంచున, ఫొటో నంబరు ఒక్కటే వేయండి. మిగతాదంతా నోటుబుక్కులో ఉండాలి.

స్కాన్‌ని పెద్దగా ప్రింటు తీసి ప్రతి తల మీదా అంకె వేయండి. "ఎడమ నుంచి మూడోవాడు" అని రాస్తే చూసేవాడి ఎడమో, నిలబడ్డవాడి ఎడమో ముందుతరాలకు అర్థం కాదు. అంకె ఉంటే ఆ గొడవే లేదు. ఒకే ఫొటోను వారం తేడాతో రెండుసార్లు గుర్తుపట్టించండి. రెండుసార్లూ ఒకే పేరు వస్తే ఖాయం, మారితే రెండు పేర్లూ రాసి ఉంచండి.

ఇక ఫొటో తనంతట తాను చెప్పే విషయాలు. కుర్చీల వరసలో మధ్యనున్నది సాధారణంగా కమాండింగ్ ఆఫీసర్. ఆఫీసర్ల బంగారు పట్టీలు లెక్కపెట్టండి: రెండైతే లెఫ్టినెంట్, రెండు లావుపట్టీల మధ్య సన్నది ఉంటే లెఫ్టినెంట్ కమాండర్, మూడైతే కమాండర్, నాలుగైతే కెప్టెన్. సెయిలర్ల ఎడమచేతి మీద ఒక లంగరు ఉంటే లీడింగ్ రేటు (పెట్టీ ఆఫీసర్‌కు కింది ర్యాంకు), అడ్డంగా కలిసిన రెండు లంగర్లుంటే పెట్టీ ఆఫీసర్. వాటి కింద ఉండే వి ఆకారపు గీతలు చూసి చాలామంది హవల్దారు పట్టీలనుకుంటారు. అవి ర్యాంకు కాదు, మంచి నడవడితో పూర్తిచేసిన సర్వీసుకు గుర్తు. కుడిచేతి గుర్తు బ్రాంచిది, ఇంజిన్ రూము వాళ్ళకు ప్రొపెల్లర్.

వెనకాల జెండా కనిపిస్తే కాలం దాదాపు తేలిపోతుంది. 1950 జనవరి 26కు ముందు మూలన బ్రిటిష్ జెండా. అప్పటి నుంచి 2001 ఆగస్టు దాకా ఎర్ర శిలువ, మూలన మన త్రివర్ణం. 2001లో శిలువ తీసేశారు, 2004లో మధ్యలో అశోక చిహ్నంతో మళ్ళీ పెట్టారు. 2022 సెప్టెంబరు 2న ఇప్పటి అష్టకోణ చిహ్నం వచ్చింది. షిప్పు పేరుకు ముందు "హెచ్.ఎం.ఐ.ఎస్." ఉంటే 1950కి ముందు, "ఐ.ఎన్.ఎస్." ఉంటే తర్వాత.

షిప్పు పక్కన రాసి ఉండే పెన్నెంట్ నంబరు (షిప్పును గుర్తుపట్టే నంబరు) తప్పకుండా రాసుకోండి. ఒకే పేరుతో రెండు షిప్పులు ఉంటాయి. సి74 ఢిల్లీ 1978 వరకు ఉన్న క్రూయిజర్, డి61 ఢిల్లీ 1997లో వచ్చిన డిస్ట్రాయర్. రాజ్‌పుత్ కూడా అంతే, పాతది డి141, 1980లో చేరింది డి51. ఇంటర్నెట్‌లో పేరుకొట్టి, వచ్చిన మొదటి బొమ్మను జ్ఞాపకాల పుస్తకంలో పెట్టేస్తున్నారు. నాన్నగారు అడుగుపెట్టని షిప్పు ఆయన పుస్తకంలోకి వచ్చి కూర్చుంటుంది.

సాగరఘోష

చాలా థ్యాంక్సండి. ఒక్క సందేహం. ఆయన "గన్స్", "బఫర్", "చిప్పీ", "స్కూలీ" అని చెబుతుంటారు. ఇవి ముద్దుపేర్లేనా? అలాగే "మా కెప్టెన్" అన్నవాళ్ళందరినీ కెప్టెన్ ర్యాంకుగా రాయొచ్చా?

వాచ్‌బిల్

రెండూ జాగ్రత్తగా చూడాల్సినవే. మీరు చెప్పిన నాలుగూ మనుషుల పేర్లు కావు, పనుల పేర్లు. గన్స్ అంటే గన్నరీ ఆఫీసర్. బఫర్ అంటే డెక్ పనంతా నడిపించే చీఫ్ బోసన్స్ మేట్. చిప్పీ వడ్రంగం చూసే షిప్‌రైట్, స్కూలీ ఎడ్యుకేషన్ ఆఫీసర్. స్టోర్సు, జీతాలు చూసే ఆఫీసరు పస్సర్, రేడియో వాళ్ళు స్పార్కర్లు. మూడు షిప్పుల్లో "బఫర్" అంటే ముగ్గురు మనుషులు. అందరినీ ఒకే పేరాలో కలిపేస్తే పుట్టని మనిషొకడు తయారవుతాడు. అందుకే ఎప్పుడూ షిప్పుతో కలిపి రాయండి: "ఢిల్లీ బఫర్", "రాజ్‌పుత్ బఫర్".

కెప్టెన్ అన్నది ర్యాంకూ, పదవీ కూడా. షిప్పును ఏలే ఆఫీసర్‌ని, భుజం మీద ఎన్ని పట్టీలున్నా, సెయిలర్లు కెప్టెన్ అనే అంటారు. 1971లో విశాఖ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన రాత్రి రాజ్‌పుత్‌ని నడిపిన ఇందర్ సింగ్ ర్యాంకు లెఫ్టినెంట్ కమాండర్. అదే సమయంలో విక్రాంత్ కమాండింగ్ ఆఫీసర్ స్వరాజ్ ప్రకాశ్ ర్యాంకులోనూ కెప్టెనే. కాబట్టి "కమాండింగ్ ఆఫీసర్" అని పదవి రాసి, ర్యాంకు రుజువు దొరికాక చేర్చండి. రిటైరయ్యేటప్పుడు ఆనరరీ సబ్ లెఫ్టినెంటో లెఫ్టినెంటో అయిన సీనియర్ సెయిలర్లు ఉంటారు. వాళ్ళను మొదటి నుంచీ ఆఫీసర్‌గా రాయకూడదు.

మన తెలుగువాళ్ళ పేర్లతో ఇంకో తంటా ఉంది. ఇంటిపేరు ముందుండే మన పద్ధతి సర్వీసు కాగితాల్లో తిరగబడుతుంది, ఇంటిపేరు రెండక్షరాలై పోతుంది, మెస్సులో పిలుపు "రావ్" ఒక్కటే మిగులుతుంది. ఒకే మెస్సులో ముగ్గురు రావులు ఉండటం మామూలే. మూడు గడులు పెట్టుకోండి: మెస్సులో పిలుపు, కాగితాల్లో పేరు, ఊరు లేదా జిల్లా. మూడోది ఉంటే తర్వాత వెతకడం సులువు.

డ్రాఫ్ట్‌చిట్

కాగితాల గురించి.

ముందు ఇంట్లోనే చూడండి. సర్వీస్ సర్టిఫికెట్టు, డిశ్చార్జి పుస్తకం, పెన్షన్ పే ఆర్డరు, పతకాలు. పతకం అంచు మీద నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి. భూతద్దంతో, పక్కనుంచి టార్చి వేసి చదవండి. మెరుగుపొడితో రుద్దకండి, ఆ అక్షరాలే అరిగిపోతాయి. పూర్వీ స్టార్ ఉంటే 1971లో తూర్పు రంగం, పశ్చిమీ స్టార్ ఉంటే పడమర. సమర సేవా స్టార్ 1965ది. పోస్టింగుల వరస సరిచూసుకోవడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం ఇంట్లో దొరకదు.

సెయిలర్ల రికార్డులు ముంబయి మాన్‌ఖుర్ద్‌లోని చీతా క్యాంప్‌లో ఉన్న బ్యూరో ఆఫ్ సెయిలర్స్ చూస్తుంది. ఉత్తరం నాన్నగారి పేరుతో, ఆయన సంతకంతో వెళ్ళాలి. అందులో పర్సనల్ నంబరు (చివరి అక్షరంతో సహా, అది వదిలేస్తే వెనక్కొస్తుంది), కాగితాల్లో ఉన్న పేరు, రిటైరైనప్పటి ర్యాంకు, చేరిన తేదీ, విడుదల తేదీ, పెన్షన్ పే ఆర్డరు నంబరు ఉండాలి. "నా సర్వీసు వివరాలు" అని గుండుగుత్తగా అడగకండి. "నేను పనిచేసిన షిప్పులు, బేసులు, చేరిన, విడిచిన తేదీల పట్టిక" అని అడగండి. ఉత్తరం రాయడంలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం సాయపడుతుంది.

ఇవ్వనిది తోటివాళ్ళ సమాచారం. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి అడిగినా, మూడో మనిషి వ్యక్తిగత వివరాలకు సెక్షన్ 8(1)(జె) అడ్డం వస్తుంది. మీరు కూడా పర్సనల్ నంబర్లు, చిరునామాలు ఇంటర్నెట్‌లో పెట్టకండి, నాన్నగారివి సహా.

పట్టిక చేతికొచ్చాక ఒక సంగతి గుర్తుంచుకోండి. ఐ.ఎన్.ఎస్. ఉన్నదల్లా షిప్పు కాదు. లోనావ్లాలో శివాజీ, జామ్‌నగర్‌లో వల్సురా, కొచ్చిలో వెందురుత్తి, విశాఖలో సర్కార్స్, ముంబయిలో ఆంగ్రే నేల మీది స్థావరాలే. ఇంజిన్ రూమ్ బ్రాంచి కాబట్టి "శివాజీ" వస్తే అది ట్రైనింగ్ అని అర్థం.

ఖుక్రీ విషయం. 1971 డిసెంబరు 9న డయ్యూ దగ్గర అది మునిగినప్పుడు 18 మంది ఆఫీసర్లు, 176 మంది సెయిలర్లు పోయారు, కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా కూడా. కచాల్ అనే మన షిప్పు కాపాడి తెచ్చినవాళ్ళూ ఉన్నారు. అందువల్ల "ఖుక్రీలో ఉన్నాడు" వేరు, "ఖుక్రీతో పోయాడు" వేరు, నాన్నగారు ఏ మాట అన్నారో అదే రాయండి. ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకం త్యాగచక్రంలో అమరుల పేర్లు చెక్కారు. ట్రైనింగ్ బ్యాచి, బ్రాంచి, రాష్ట్రం ముందు రాసుకుని ఆ పేర్లు నాన్నగారికి నెమ్మదిగా చదివి వినిపించండి. చెవిన పడితే గుర్తుపట్టే అవకాశం ఎక్కువ. ఒకే విడతలో పూర్తిచేయొద్దు, ఆయన ఆపమంటే ఆపేయండి.

తాతగారి అన్నగారికి వేరే దారి. యుద్ధకాలంలో మరణించి ఉంటే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో వెతకొచ్చు. బతికి తిరిగొచ్చినవాళ్ళు అందులో ఉండరు. 1946లో ఇంటికొచ్చారు కాబట్టి నావికుల తిరుగుబాటులో ఉన్నారని బంధువులు అనుకుంటారు. ఆ సమ్మె 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో తల్వార్ అనే సిగ్నల్ స్కూల్లో మొదలైంది, అదీ నేల మీదిదే. అయితే యుద్ధం అయిపోయాక మామూలుగా ఇంటికి పంపినవాళ్ళు కూడా ఆ ఏడాది చాలామంది. డిశ్చార్జి కాగితంలో కారణం చూడకుండా ఏదీ ఖాయం చేయకండి. ఇంట్లో పాత ట్రంకుపెట్టె ఉంటే దాని మూత లోపలివైపు, అడుగున చూడండి, పెయింటుతో రాసిన నంబరు ఉండొచ్చు. ఆ నంబరు దొరికితే ఇక్కడ పెట్టకుండా నోటుబుక్కులో రాసుకుని, బ్యూరోకు రాసే ఉత్తరంలో చేర్చండి.