«సత్తా మస్సగానా»: ఆ నడిమి ‘స’ ఎక్కడిది?

వినికిడి:
జమైకా రెగే త్రయం అబిసీనియన్స్ తొలి ఆల్బమ్ (1976) పేరుపాట «సత్తా మస్సగానా»లో అమ్హారిక్ (ఇథియోపియా భాష) పల్లవి గురించి. «సత్తా మస్సగానా, అమ్లాక్» వరకు వచ్చాక ఒక మాట «ఉలగీజే» అని వినిపిస్తుంది. అమ్లాక్ అంటే దేవుడు, అక్కడిదాకా బాగానే ఉంది. ఉలగీజే ఏమిటి? «హుల్ గీజే», అంటే ఎల్లప్పుడూ అనుకుందామంటే మొదటి హకారం ఏమైంది? ఇంగ్లీషు చరణాల సంగతి అడగడం లేదు.

నిఘంటుప్రియ:
హకారం పోవడం అడ్డంకి కాదండీ. జమైకా పలుకుబడిలో హకారం ఉన్నచోట జారిపోతుంది, లేనిచోట వచ్చి చేరుతుంది. ఈ పాట సాహిత్యం రాసుకునేవాళ్లు అమ్లాక్‌నే «అహమ్లాక్» అని రాస్తుంటారు. అక్కడ చేరింది, ఇక్కడ జారింది. నన్ను ఆపేది «మస్సగానా»లో నడిమి ‘స’. అమ్హారిక్‌లో స్తుతి, కృతజ్ఞత అనే అర్థమిచ్చే నామవాచకం «మిస్గానా». సకారం మీద అచ్చు లేదు, నేరుగా గకారంలోకి వెళ్తుంది. పాటలో మాత్రం మ, స, గా, నా అని నాలుగు పలుకులు. ఒకటి ఎక్కువ.

యతిమైత్రి:
స్వరభక్తి. రత్నం రతనమైనట్టు, యత్నం జతనమైనట్టు. రెండు హల్లుల మధ్య నోరు ఒక అచ్చు వేసుకుంటుంది. పాటలో అయితే మరీ. మిస్గానా మూడు గురువులు, మగణం. మస్సగానా అంటే రగణం, పైన ఒక గురువు. లఘువు దొరికితేనే గొంతు నిలదొక్కుకుని తర్వాతి ‘గా’ని సాగదీయగలదు. అన్నీ గురువులైతే ముగ్గురు కలిసి పాడేటప్పుడు బరువుగా కూలబడుతుంది.

నిఘంటుప్రియ:
మాస్టారూ, అమ్హారిక్ అచ్చుల్లో మన లాగా హ్రస్వదీర్ఘ భేదం లేదు. ‘గా’ దీర్ఘం అనుకోవడం మన చెవి చేసే పని. గణవిభజన పాడిన తీరుకు వర్తిస్తుంది కానీ మాటకు వర్తించదు.

ఇంకో దారి చూడండి. వాళ్ల లిపిలో ప్రతి హల్లుకూ ఏడు రూపాలు, మన గుణింతం లాగే. మొదటి రూపంలో అకారానికీ ఎకారానికీ మధ్య ఉండే అచ్చు. నాలుగో రూపంలో ‘ఆ’. ఆరో రూపంతోనే ఇబ్బంది. దాన్ని చాలా పొట్టి ఇకారం లాంటి అచ్చుతోనూ చదవచ్చు, అచ్చు లేకుండా పొల్లుగానూ చదవచ్చు. ఎక్కడ ఏదో భాష తెలిసినవాడికే తెలుస్తుంది. మిస్గానా రాస్తే మొదటి రెండక్షరాలూ ఆరో రూపమే, ‘గా’ ‘నా’ రెండూ నాలుగో రూపం. పుస్తకం పట్టుకుని నేర్చుకున్నవాళ్లు రెండో అక్షరానికి అచ్చు తగిలించి చదివితే నాలుగు పలుకులు వచ్చేస్తాయి.

రికార్డుముల్లు:
గారూ, ఆ వాదం ఈ ఆల్బమ్‌లోనే వీగిపోతుంది. «వై మస్ గాన్» అనే పాట ఉంది చూడండి. అది అదే ధాతువు. «యిమ్మెస్‌గెన్», అంటే స్తుతింపబడును గాక. దేవుడి పేరు ముందు పెట్టి ఇథియోపియాలో రోజూ అనే మాట. అక్కడ సకారాన్ని పొల్లుగానే పాడారు, పేరు కూడా మస్, గాన్ అని విడగొట్టి పెట్టారు. ఒకచోట పొల్లు పలకడం తెలిసినవాళ్లకు ఇంకోచోట తెలియలేదంటే కుదరదు.

నిఘంటుప్రియ:
మంచి పట్టు. అయితే ‘స’కు అచ్చున్న రూపమూ ఆ ధాతువులోనే ఉంది. «అమెసెగ్గెనె», అతడు స్తుతించాడు. ఇథియోపియావాళ్లు ధన్యవాదాలు చెప్పే «అమెసెగినాల్లెహు» కూడా దీనిదే. ఇందులో ‘సె’ నిండుగా పలుకుతుంది. నా ఊహ, పాటలో నామవాచకమూ క్రియా కలిసిపోయాయని. చివరి ‘గానా’ నామవాచకానిది, ముందున్న ‘మస్స’ క్రియది.

యతిమైత్రి:
అలాగైతే ఇంకా ముందుకు వెళ్లవచ్చు. సత్తా + అమస్సగానా = సత్తామస్సగానా. సవర్ణదీర్ఘం! సాహిత్యం రాసుకునేవాళ్లు కొందరు మధ్యలో విడిగా ఒక ‘అ’ పెట్టడం చూశాను. సత్తా అంటే ఇచ్చాడు కదా, అప్పుడది «ఇచ్చాడు, స్తుతించాడు» అని రెండు క్రియలవుతుంది.

నిఘంటుప్రియ:
పాణిని సూత్రం అమ్హారిక్ మీద నడవదు, కానీ రెండు అకారాలు పాటలో కలిసిపోవడం ఏ భాషలోనైనా జరిగేదే. సంధి పేరు వదిలేసి మాట మాత్రం ఉంచుకుంటాను.

రికార్డుముల్లు:
ఆ ‘అ’ ఉందో లేదో కాగితం చూసి తేల్చకండి, వినండి. 1971 సింగిల్, 1976 ఆల్బమ్ రెండూ పక్కపక్కన పెట్టుకోండి. వేగం నూటికి 75కి తగ్గించండి, శ్రుతి మారకుండా. 50కి మాత్రం వెళ్లవద్దు. అంత సాగదీస్తే గొంతు వెనక ఉన్న ప్రతిధ్వని తోక అచ్చులా వినిపిస్తుంది, లేని అకారం ఉన్నట్టు తోస్తుంది. ఇంకో చిక్కు గిటారు. రెగేలో గిటారు, పియానో దెబ్బలు ఎదురు మాత్ర మీద పడతాయి. పొట్టిగా తెగే ఆ చప్పుడు గకారం మీద పడితే గకారం మొద్దుబారి ముందున్న సకారం సాగినట్టు వినిపిస్తుంది. మధ్య పౌనఃపున్యాలు కాస్త తగ్గించి, సకారపు బుస వినపడేలా పైవి పెంచండి. బుస ఆగి, గొంతు నాదం మొదలై, ఆ తర్వాత గకారం వస్తే అచ్చు ఉన్నట్టు. బుస నుంచి నేరుగా గకారం వస్తే లేనట్టు. అన్నీ ఒకే ఆవృత్తిలో వినకండి. పల్లవి వచ్చిన ప్రతిసారీ విడిగా గుర్తు పెట్టుకోండి, ముగ్గురు పాడేటప్పుడు ఒక గొంతు ముందు, ఒక గొంతు వెనక పలుకుతుంది.

వినికిడి:
సకారం సరే, నా ఉలగీజే?

కీర్తనపాఠకుడు:
దానికి నా దగ్గర వేరే అర్థం ఉంది. ఇథియోపియా పాత అర్చన భాష గీజులో «ఇగ్జీ» అంటే ప్రభువు. దేవుణ్ణి ఇగ్జీఅబ్హేర్ అనేది అందుకే. దానికి ముందు ‘ల’ చేరిస్తే «ప్రభువుకు». ఉలగీజేలో ఉన్నది ఆ ‘ల’ అనుకుంటే «స్తుతి ఇచ్చాడు, దేవునికి, ప్రభువుకు» అని కీర్తన లాగా జంటపదాలు కుదురుతాయి. అర్చన భాషకు ఎల్లప్పుడూ కన్నా ఇదే అందం.

నిఘంటుప్రియ:
అందం ఉంది, ఆధారం లేదు. ‘ల’ కావలసింది అమ్లాక్ ముందు కదా, «లె అమ్లాక్» అని. అక్కడ లేని విభక్తి తర్వాతి మాటకు ఎలా వస్తుంది? పైగా మీ లెక్కలో ముందున్న ఉకారం మిగిలిపోతుంది. హుల్ గీజేలో అయితే ఉకారం, లకారం, గీ, జే నాలుగూ వరసగా ఉన్నాయి, పోయింది హకారం ఒక్కటే.

కీర్తనపాఠకుడు:
విభక్తి జారిపోవడం నేర్చుకునేవాళ్ల భాషలో మామూలే. సత్తా విషయంలో జరిగింది అదే కదా? «ఇవ్వు» అనవలసినచోట «ఇచ్చాడు» అన్నారు. విధ్యర్థకం «సిట్», పదిమందిని అంటే «సిటు». «సెట్టె» అంటే ఇచ్చాడు. వాళ్ల ఉద్దేశం స్తుతులు చెల్లించండి అని.

నిఘంటుప్రియ:
అక్కడ మాత్రం తప్పు పట్టను. సెమిటిక్ భాషల నిఘంటువుల్లో క్రియ ఆరోపం (అర్థం వేయడానికి మొదట చూపే రూపం) భూతకాల ప్రథమపురుష ఏకవచనంలో ఉంటుంది. అరబ్బీలో కతబ, అంటే రాశాడు, చూపి పక్కన రాయు అని అర్థం వేస్తారు. అమ్హారిక్‌లోనూ అంతే. ఇచ్చు అనే అర్థానికి సెట్టె చూపిస్తారు. ఒక విదేశీయుడు మన శబ్దరత్నాకరం తెరిచి «ఇచ్చు» తీసుకుని, «స్తుతి» తీసుకుని, «ఇచ్చు స్తుతి» అన్నాడనుకోండి. మనకు అర్థమవుతుంది, భావమూ అందుతుంది, వాక్యం మాత్రం నిఘంటువు వాక్యం. సత్తా మస్సగానా సరిగ్గా అది. పదాల వరస కూడా అదే చెబుతుంది. అమ్హారిక్‌లో మన లాగే క్రియ చివర రావాలి. మిస్గానా సెట్టె.

యతిమైత్రి:
క్రియ చివరే రావాలన్నది వచనానికి. ప్రార్థనలో క్రియ ముందుకు దూకుతుంది. «రావే యీశ్వర, కావవే వరద» అన్న గజేంద్రుడికి వరస ఎవరు చెప్పాలి? ఆర్తి క్రియతోనే మొదలవుతుంది. పోతన చేతిలో విధ్యర్థకానికి ఉన్న బలం తెలుగులో ఇంకెవరి దగ్గరా లేదు.

కీర్తనపాఠకుడు:
మాస్టారూ, ఈశ్వర, వరద సంబోధనలు. కర్మలు కావు. సంబోధన ఎక్కడైనా వస్తుంది. ఇక్కడ అడిగేది క్రియ తర్వాత కర్మ రావడం.

యతిమైత్రి:
అయితే మొదటి పద్యానికే వెళ్దాం. శ్రీకైవల్య పదంబుఁ జేరుటకునై చింతించెదన్. క్రియ అక్కడే అయిపోయింది. లోకరక్షైకారంభకున్ మొదలు డింభకున్ దాకా కర్మలన్నీ ఆ తర్వాతే. శార్దూలం మొత్తం ఒక క్రియ వెనక నడుస్తుంది. ఎవరినో చెప్పకముందే ధ్యానిస్తున్నానని చెప్పేశాడు. సత్తా మస్సగానాలో క్రియ ముందుండటం నిఘంటువు చేసిన పని అనడం కన్నా, కీర్తన చేసిన పని అనడం నాకు ఇష్టం.

నిఘంటుప్రియ:
ఇష్టం వేరు, నిర్ణయం వేరు. అయినా ఆ పద్యం తెచ్చినందుకు వాదన వదిలేయాలనిపిస్తోంది.

రికార్డుముల్లు:
క్రియ అర్థం అక్కడితో ఆగలేదని కూడా గమనించాలి. జమైకాలో «సత్తా» అంటే నిమ్మళంగా కూర్చోవడం, ధ్యానంలో ఉండటం. ఈ పాట నుంచే ఆ అర్థం వచ్చిందని ఒక వాదం, ఇంగ్లీషులో కుదురుకోవడం అనే మాట ముందే ఉండి దీనితో కలిసిపోయిందని ఇంకోటి. సంఘచరిత్ర కూడా కలుపుకోవాలి. రాస్తఫారీ మతస్థులు దైవంగా కొలిచే ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీ జమైకా రాజధాని కింగ్‌స్టన్‌కు వచ్చింది 1966 ఏప్రిల్ 21న. ఆ కాలంలో రాస్తఫారీలకు అమ్హారిక్ నేర్చుకోవడం మతసాధనలో భాగం. బెర్నార్డ్ కాలిన్స్, డొనాల్డ్ మానింగ్, లిన్‌ఫర్డ్ మానింగ్ 1969 మార్చిలో స్టూడియో వన్‌లో ఈ పాట పాడితే స్టూడియో యజమాని కాక్సన్ డాడ్ విడుదల చేయలేదు, అమ్ముడుపోదన్నాడు. 90 పౌండ్లిచ్చి టేపు వెనక్కి కొనుక్కుని 1971లో తమ క్లించ్ లేబుల్ మీద వేసుకున్నారు. అంటే ఈ పరభాషా పల్లవి మీద వాళ్లు సొంత డబ్బు పెట్టారు. అలాంటి పాటను ఆ తర్వాత రాస్తా ఆరాధనల్లోనే పాడుకున్నారు. వ్యాకరణం తప్పింది అని ఒక్క ముక్కలో తేల్చేయకూడదు.

నిఘంటుప్రియ:
తప్పు అనలేదండీ, దారి చెప్పాను. అసలు ‘త్త’ గురించే ఇంకా మాట్లాడలేదు మనం. సెట్టెలో ఉన్నది కంఠం బిగించి ఊపిరి ఆపి వదిలే టకారం, మనకు దానికి అక్షరం లేదు. త రాసినా ట రాసినా సగమే. పైగా అది ద్విత్వం, వాళ్ల లిపిలో ద్విత్వానికి గుర్తే లేదు. అలె అంటే అన్నాడు, అల్లె అంటే ఉన్నాడు, రెండూ ఒకేలా రాస్తారు. మనకు ఒత్తు ఉంది కాబట్టి ఆ కష్టం తెలియదు. జమైకావాళ్లు ఆ ద్విత్వాన్ని నిలబెట్టారంటే పుస్తకం ఒక్కటే చాలదు, చెవితో విన్నారన్నమాట.

వినికిడి:
అంటే పుస్తకంతో నేర్చుకున్నారన్న మీ మొదటి మాట?

నిఘంటుప్రియ:
రెండూ. క్రియ ఆరోపం నిఘంటువుది, ద్విత్వం చెవిది. సకారం మీద అచ్చు ఎవరిదో ఇంకా తెలియదు.

కీర్తనపాఠకుడు:
ఇదే ఆల్బమ్‌లో «అబెండిగో» అనే పాట. దానియేలు మూడో అధ్యాయం, షద్రకు, మేషాకు, అబేద్నెగో, అగ్నిగుండం. బైబిలు చేత పట్టుకుని పాడేవాళ్లు దకార నకారాలు ఎందుకు తారుమారు చేశారు? అబేద్ అంటే సేవకుడు, అబ్దుల్లాలోని అబ్ద్ అదే. నకారం ముందుకు తెస్తే సేవకుడే మాయమవుతాడు.

యతిమైత్రి:
వర్ణవ్యత్యయం. ఉరల్ రోలు కాలేదా, ఇరండు రెండు కాలేదా.

నిఘంటుప్రియ:
అవి అచ్చు, హల్లు తారుమారైనవి. ఇక్కడ రెండు హల్లులు మారాయి. లక్నోను నఖ్లవ్ అనడంతో పోల్చాలి.

రికార్డుముల్లు:
ఇది జమైకాలో మొదలైన మార్పు కాదు. నాటింగ్‌హామ్‌లో 1811లో పుట్టిన ముష్టియుద్ధ వీరుడు విలియం అబేద్నెగో థాంప్సన్‌ను ఇంగ్లండులో అందరూ బెండిగో అనేవాళ్లు. ఆస్ట్రేలియాలో బంగారు గనుల ఊరు బెండిగోకు ఆ పేరు అతని మీదుగానే వచ్చింది. ద, న తారుమారు ఇంగ్లీషు జనం నాలుక మీద అప్పటికే జరిగిపోయింది. జమైకా చర్చిల్లోకి ఏ రూపం చేరిందన్నదే చూడాలి. తెలుగు బైబిలు అబేద్నెగోను అలాగే నిలబెట్టింది, కానీ మన పల్లె చర్చిల్లో నోటితో చెప్పేటప్పుడు ఎలా పలుకుతారో ఎవరైనా విని రాయండి.