మా ఊరి గడి గోడకు సిమెంట్ వేయొచ్చా?

పాలకుర్తి కుర్రాడు:
మాది పాలకుర్తి దగ్గర ఊరు. తాళం వేసి ఉన్న గడిని, అంటే పాతకాలం దొర ఉన్న కోటలాంటి ఇంటిని, లైబ్రరీ చేసుకోమని వారసులు ఒప్పుకున్నారు. పెద్ద దర్వాజ, టేకు స్తంభాలు గట్టిగానే ఉన్నాయి. ఉత్తరం గోడ మాత్రం చెమ్మ పట్టి పెచ్చులు ఊడుతోంది. సిమెంట్ ప్లాస్టరింగ్ చేస్తే చాలని మేస్త్రీ అంటున్నాడు. వెనక తోట, మోట బావి ఉన్నాయి, కానీ అంతా తుమ్మచెట్లే. ఏం చేయమంటారు?

సున్నం పనివాడు:
తమ్ముడూ, సిమెంట్ మాటే ఎత్తొద్దు. అది రాయి, సున్నంతో కట్టిన గోడ. నేలలోంచి తేమ ఎక్కినా సున్నం గుండా ఆరిపోతుంది. పైన సిమెంట్ పూస్తే ఆ దారి మూసుకుపోయి, చెమ్మ లోపలే నిలిచి పాత సున్నాన్ని పిండి చేస్తుంది. ముందు మిద్దె మీద వాన నీళ్లు పోయే తూము పూడిపోయిందేమో చూడు. గోడలో రావి మొక్క మొలిస్తే గుంజొద్దు, రాళ్లు కదులుతాయి. సున్నాన్ని బాగా నానబెట్టి, ఇసుకతో గానుగలో నూరి, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలపాలి. వేలితో రాస్తే వెన్నలా జారాలి. కామారెడ్డి జిల్లా దోమకొండ గడికి వెళ్లి రండి. పాతదాన్ని పాతదానిలాగే నిలబెట్టినందుకు 2022లో యునెస్కో అవార్డు వచ్చింది దానికి.

నర్మెట ఆడపడుచు:
బాబూ, అలాంటి గడి తోటలోనే మా తాత మోట కొట్టాడు, పైసా కూలి లేకుండా. ఎడ్లు వాలు దిగుతుంటే తోలు బొక్కెన పైకొచ్చి తొట్టిలో పడేది, అక్కడి నుంచి కాలువల్లో మల్లెపాదులకు నీళ్లు. తెల్లారకముందే మా నాయనమ్మ మొగ్గలు తెంపి దొరసానికి అప్పజెప్పాలి. ఒక్క పువ్వు కొప్పులో పెట్టుకోనిచ్చేవాళ్లు కాదట. బావి పూడిక తీయించండి, మల్లె, పారిజాతం మళ్లీ పెట్టండి. కానీ దర్వాజ దగ్గర బోర్డు మీద కట్టించిన దొర పేరు ఒక్కటే రాయొద్దు, వెట్టి చేసినవాళ్ల పేర్లూ రాయండి. దొరల మీద తిరగబడి 1946 జులై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి మీకు దూరమేం కాదు.

పాలకుర్తి కుర్రాడు:
తప్పకుండా రాస్తాం పెద్దమ్మా. రేపటి నుంచే ముసలివాళ్లను అడిగి పేర్లు రాసుకుంటాం. అన్నా, సున్నం పని ఈ ఎండాకాలంలోనే మొదలుపెట్టొచ్చా?

సున్నం పనివాడు:
వద్దు. ఎండకు తొందరగా ఆరి పగుళ్లిస్తుంది. ఇప్పుడు తూము బాగుచేసుకోండి, పూత దసరా దాటాక. పూసినాక రోజూ తడపడం మాత్రం మానొద్దు.