ఆంధ్ర పుట్టినరోజు ఏది? అక్టోబర్ 1, నవంబర్ 1, జూన్ 2 – తేల్చండి

నెల్లూరబ్బాయి:
నవంబర్ 1న మా వీధి చివర పొట్టి శ్రీరాములు గారి విగ్రహానికి దండేశారు, మైకులో ఒకాయన "ఆంధ్రప్రదేశ్ కోసం ప్రాణాలిచ్చిన అమరజీవి" అని అరగంట దంచాడు. నవ్వాలో ఏడవాలో తెలీలా. శ్రీరాములు గారు మద్రాసులో బులుసు సాంబమూర్తి గారింట్లో దీక్షకి కూర్చుంది 1952 అక్టోబర్ 19న, 58 రోజులు తిండి లేకుండా ఉండి డిసెంబర్ 15 రాత్రి పోయారు. ఆయన అడిగింది మద్రాసు నుంచి విడదీసి ఆంధ్ర రాష్ట్రం ఇమ్మని, అది 1953 అక్టోబర్ 1న వచ్చేసింది. హైదరాబాద్‌తో కలపమని ఆయన కూర్చోలా, 1956 నవంబర్ 1 నాటికి ఆయన పోయి దాదాపు నాలుగేళ్లు. ఇప్పుడు తెలంగాణ వెళ్లిపోయాక మన చేతిలో మిగిలింది ఇంచుమించు ఆ 1953 రాష్ట్రమే కదా, మరి అక్టోబర్ 1 వదిలేసి ఈ నవంబర్ 1 పట్టుకుని వేలాడటం ఏంది?

బెజవాడ_బాబాయ్:
తమ్ముడూ, ఆంధ్రప్రదేశ్ అనే పేరు పుట్టింది నవంబర్ 1నే. మేం బళ్లో చాక్లెట్లు తిన్నదీ ఆ రోజే. 2014 చట్టం చూసినా కొత్తగా ఏర్పడింది తెలంగాణ, మనది పాత రాష్ట్రమే, కాస్త తగ్గింది అంతే. జూన్ 2న నవ నిర్మాణ దీక్ష అని కొన్నాళ్లు చేశారు గానీ అది పంపకాలు జరిగిన రోజు, దాన్ని పుట్టినరోజు అంటే ఎట్టా? 2019లో ప్రభుత్వం మారాక మళ్లీ నవంబర్ 1కే వచ్చారుగా. ప్రభుత్వం మారినప్పుడల్లా తేదీ మారిస్తే పిల్లలకి ఏం చెప్తాం.

నెల్లూరబ్బాయి:
చట్టం అన్నావు కాబట్టి చట్టమే చూద్దాం బాబాయ్. 1956 చట్టం ఆంధ్ర రాష్ట్రాన్ని రద్దు చేసి కొత్తది పెట్టలా, ఉన్న ఆంధ్ర రాష్ట్రానికే హైదరాబాద్ రాష్ట్రంలోని తెలుగు జిల్లాలు చేర్చి ఇక మీదట దీని పేరు ఆంధ్రప్రదేశ్ అంది. అంటే పేరు మారింది. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిందని ఆ పిల్ల పుట్టినరోజు పెళ్లిరోజుకి మార్చేస్తామా?

ఓరుగల్లు_పిలగాడు:
మీ లొల్లిల నేనెందుకు వస్తున్న అనుకోకుర్రి, పెండ్లి అన్నరు కాబట్టి వచ్చిన. ఆ పెండ్లికి 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నరు, ముఖ్యమంత్రి ఒక దిక్కోడైతే ఉప ముఖ్యమంత్రి ఇంకో దిక్కోడు అని అండ్ల ఉండె. నవంబర్ 1న నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి అయిండు, ఉప ముఖ్యమంత్రి కుర్చీ మాత్రం కనవడలే. మొదటి రోజే గట్లయింది. అందుకే మా దిక్కు ఆ రోజును విద్రోహ దినం అని నల్లజెండలు పట్టిన్రు. మాకు జూన్ 2 ఉంది, పంచాయితీ లేదు. కానీ విడాకులైనంక గూడ పెండ్లిరోజు కేకు కోసుకునుడు ఏందో మీకే తెల్వాలె 😄

బెజవాడ_బాబాయ్:
అదే నవంబర్ 1న కర్ణాటక వాళ్లు రాజ్యోత్సవం చేస్తారు, కేరళ వాళ్లూ చేస్తారు. మనం ఒక్కళ్లమే సిగ్గుపడాలా?

ఓరుగల్లు_పిలగాడు:
వాళ్లు ఇంక కలిసే ఉన్నరు కదనే.

కొండారెడ్డి_బురుజు:
మీరిద్దరూ కొట్లాడతా మధ్యలో కర్నూలును మరిస్తిరి. అక్టోబర్ 1 అంటే నెల్లూరాయనకి పండగేమో గానీ మాకు సగం పండగే అబ్బా. 1937లో శ్రీబాగ్ ఒప్పందంలో రాజధాని అయినా హైకోర్టు అయినా సీమకే, ఏది కావాల్నో మీరే కోరుకోండి అని రాసిచ్చిరి. 1953లో కర్నూలు రాజధాని అయ్యె, ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి, నెహ్రూ వచ్చి ప్రారంభించిపాయ. ఊర్లో బిల్డింగులు చాలక ఆఫీసులు గుడారాల్లో పెట్టినారు. మా జేజినాయన చెప్తాండె, గాలొస్తే గుమాస్తాలు కాగితాల మీద రాళ్లు పెట్టుకోని రాసేవాళ్లంట, ఒగాయన రాయి దొరక్క చెప్పు పెట్న్యాడంట. ఆ గుడారాల రాజధాని కూడా మూడేండ్లే. హైకోర్టు 1954లో గుంటూరుకి పాయె, నవంబర్ 1న రాజధాని హైదరాబాదుకి పాయె. అంటే మీరు కేకు కోసే రోజు మా ఊరు ఖాళీ అయిన రోజు. ఇంగ బళ్లారి సంగతి ఎత్తితే రాత్రంతా చాలదు, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇచ్చి బళ్లారిని మైసూరు పక్కకి తోసినారు, అది కూడా ఆ అక్టోబర్ 1నే.

నెల్లూరబ్బాయి:
బళ్లారి సంగతి నిజమే అన్నా, అది నాకు తట్టలా. అయినా తేదీ మాత్రం అదే అంటాను, దీక్ష చేసిన మనిషికి మనం ఇచ్చే మర్యాద అది.

కూనవరం_సంగమం:
నమస్కారమండి. "మిగిలింది ఇంచుమించు 1953 రాష్ట్రమే" అన్నారు కదండీ, ఆ ఇంచుమించులో ఉన్నవాణ్ణి నేనే. శబరి వచ్చి గోదారిలో కలిసే చోటండి మాది. 1953లో మేం తూర్పుగోదావరి, అంటే ఆంధ్ర రాష్ట్రమే. 1959లో భద్రాచలంతో పాటు మమ్మల్ని పట్టుకెళ్లి ఖమ్మంలో కలిపేశారు. 2014లో పోలవరం ముంపు అని మళ్లీ ఇటు లాగారు, భద్రాచలం ఊరు మటుకు అటే ఉండిపోయిందండి, రాములోరి కల్యాణానికి పక్క రాష్ట్రం వెళ్తున్నాం. పాత రేషన్ కార్డు మీద ఖమ్మం, ఆ తర్వాత దాని మీద తూర్పుగోదావరి, ఇల్లు అదే, ఇంటి ముందు చింతచెట్టూ అదే. తిరుత్తణి వాళ్లదీ ఇదే బాధనుకుంటా, 1953లో మనతో ఉన్నారు, 1960లో మద్రాసుకి ఇచ్చేశారు. అక్టోబర్ 1 అంటే వాళ్లని కూడా పిలవాలి కదండీ?

బెజవాడ_బాబాయ్:
సరేనయ్యా, నవంబర్ 1 నేను వదలను గానీ ఒకటి ఒప్పుకుంటా. శ్రీరాములు గారికి దండ వేసేది నవంబర్ 1న కాదు, డిసెంబర్ 15న వేయాలి. మైకాయనకి మాత్రం నువ్వే చెప్పుకో తమ్ముడూ.

నెల్లూరబ్బాయి:
చెప్పా బాబాయ్. డిసెంబర్‌లో చందా ఎవరిస్తారు అన్నాడు.

కూనవరం_సంగమం:
ఏ తేదీ అయినా మాకు ఫర్వాలేదండి, కాస్త తొందరగా తేల్చండి. డ్యామ్‌లో నీళ్లు నిలబెడితే మా చింతచెట్టు ఉండదు.