రెప్ప మీది ఎర్ర మచ్చ: ఆగాలా, ప్రొప్రనొలాల్ మొదలుపెట్టాలా?

పాప నాన్న:
పాపకి ఆరు వారాలు, బరువు 4 కిలోలు. పై రెప్ప మీద ఎర్ర చారలా ఉన్నది ఇప్పుడు సెంటీమీటరు బొడిపె అయింది. హీమాంజియోమా (రక్తనాళాలు గుంపుగా పెరిగి ఏర్పడే గడ్డ) అన్నారు, ప్రొప్రనొలాల్ రాశారు. అది బీపీ మందు కదా? పెద్దవాళ్లేమో గ్రహణం మచ్చ, దానంతటదే పోతుందంటున్నారు. ఆగొచ్చా?

పిల్లల డాక్టర్:
గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. పోతుందన్నది మాత్రం సగం నిజమే. వీపు మీద చిన్నదైతే ఆగమనే అంటాం, నాలుగేళ్లకల్లా చాలావరకు అణుగుతుంది. రెప్ప మీద అలా కుదరదండీ. బొడిపె ఒత్తిడికి కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) ఒంపు మారుతుంది, రెప్ప వాలి చూపుకి అడ్డమొస్తే ఆ కన్ను మందగిస్తుంది. తర్వాత మచ్చ పోయినా చూపు పూర్తిగా రాకపోవచ్చు. పైగా ఇవి అన్నిటికంటే వేగంగా పెరిగేది 5-7 వారాల మధ్యే. కంటి డాక్టరుకీ ఈ వారమే చూపించండి.

బీపీ మందే. గుండె కోసం ఇచ్చిన పసివాళ్లలో ఈ మచ్చలు పాలిపోవడం ఫ్రాన్స్‌లోని బోర్డో డాక్టర్లు గమనించి 2008లో ప్రకటించారు. 2014లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ జబ్బుకే అనుమతిచ్చింది. మామూలుగా కిలోకి రోజుకి 1 మి.గ్రా.తో మొదలుపెట్టి 2-3 దాకా పెంచుతారు, రెండు పూటలుగా. అంటే మీ పాపకి మొదట పూటకి 2 మి.గ్రా. మొదలుపెట్టే ముందు గుండె, ఊపిరితిత్తులు చూడాలి. మొదటి డోసు తర్వాత, పెంచినప్పుడల్లా రెండు గంటలు నాడి, బీపీ చూస్తారు.

పిల్లల వార్డు నర్సు:
తప్పు జరిగేది ఎక్కువగా కొలతలోనే. సీసాని బట్టి గాఢత మారుతుంది: మి.లీ.కి 1 మి.గ్రా. ఉన్నవీ ఉన్నాయి, దాదాపు 4 ఉన్నవీ ఉన్నాయి. ఎన్ని మి.లీ. పట్టాలో మీ సీసా చూపించి రాయించుకోండి. చెంచా వద్దు, సూది లేని 1 మి.లీ. సిరంజితో పట్టండి.

పాలు తాగుతుండగా గానీ తాగిన వెంటనే గానీ ఇవ్వాలి. పాలు తాగకపోయినా, వాంతులవుతున్నా ఆ పూట మానేయండి. లేకపోతే షుగర్ పడిపోతుంది: వణుకు, చెమట, మగత, ముదిరితే ఫిట్స్. మందు కక్కేస్తే మళ్లీ పట్టొద్దు. ఈ వయసులో రాత్రి కూడా 5 గంటలకి మించి పాలు లేకుండా ఉంచకండి. పిల్లికూతలొస్తే మందు ఆపి వెంటనే ఆసుపత్రికి. చేతులు చల్లబడటం, నిద్ర చెదరడం మామూలే.

పాప నాన్న:
టిమోలాల్ అనే కంటి చుక్కల మందు మచ్చ మీద వేసి సరిపెట్టొచ్చా? లేజర్?

పిల్లల డాక్టర్:
టిమోలాల్ 0.5% పలచటి, ఉబ్బని మచ్చలకే, పూటకో చుక్క చొప్పున రెండు పూటలా. మీ పాపకి చాలదు. లేజర్ ముఖ్యంగా పుట్టుకతోనే చదునుగా ఉండే పోర్ట్‌వైన్ మచ్చలకి. ఒళ్లంతా ఓసారి వెతకండి, ఇలాంటివి ఐదు లేదా అంతకు మించి ఉంటే లోపల కాలేయంలోనూ ఉండొచ్చు, అల్ట్రాసౌండ్ తీయించాలి.

నెలకే మచ్చ పాలిపోయిందని ఆపేయకండి, మళ్లీ ఉబ్బుతుంది. కనీసం ఆరు నెలలు, తరచుగా పాపకి ఏడాది నిండేదాకా వాడతారు. పాప బరువు పెరిగేకొద్దీ డోసు సరిచేయించుకోండి.